గోదావరిఖని తల్లులు, బిడ్డలు

సింగరేణి బొగ్గు పట్టణాలకు పల్లెలు విడిచి వచ్చిన మొదటి తరం తల్లులు తమ ఆడపిల్లల మీద పెట్టుకున్న ఆశలు కంపెనీ సర్క్యులర్లతో పాటే పెరిగాయి, వాటితో పాటే మారాయి, ఒక్కోసారి వాటి దగ్గరే ఆగిపోయాయి. పిల్లకు ఎక్కడి సంబంధం చూడాలి, ఎంతదాకా చదివించాలి, నౌకరి బిడ్డకు రావాలా అల్లుడికి రావాలా అన్న ఇంటి ముచ్చట్లన్నీ గోదావరిఖని, యైటింక్లయిన్ కాలనీ, సెంటినరీ కాలనీ, శ్రీరాంపూర్, మందమర్రి, బెల్లంపల్లి, భూపాలపల్లి, కొత్తగూడెం క్వార్టర్లలో గని ఆఫీసు భాషలోనే నడిచాయి. 'అన్‌ఫిట్', 'డిపెండెంట్' (ఆధారపడినవాళ్లు), 'మస్టర్లు' (హాజరు), 'నాగాలు' (గైర్హాజరు) అనే మాటలు ఇక్కడ వంటింట్లో కూడా వినిపిస్తాయి. చదువురాని తల్లికి సైతం వాటి అర్థం తెలుసు, వాటి విలువ ఇంకా బాగా తెలుసు.

రామగుండం–గోదావరిఖని ప్రాంతంలో ఈ ఆశలు మూడు తరాల్లో ఎటు నుంచి ఎటు నడిచాయో చెప్పడం ఈ వ్యాసం పని.

ఊరు కాని ఊరు

సింగరేణి మొదలైంది ఇల్లెందులో. జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియాలో పనిచేసే డాక్టర్ విలియం కింగ్ 1871లో అక్కడ బొగ్గు గుర్తించాడు. 1886లో ఇంగ్లండులో నమోదైన హైదరాబాద్ (దక్కన్) కంపెనీ తవ్వకం హక్కులు తీసుకుంది. 1889లో బొగ్గు బయటికి రావడం మొదలైంది. 1920 డిసెంబరు 23న ఆ కంపెనీ ఆస్తులు తీసుకుని సింగరేణి కాలరీస్ ఏర్పడింది. ఏటా ఆ తేదీన జరిగే సింగరేణి దినోత్సవానికి మూలం ఇదే. 1945లో నిజాం ప్రభుత్వం వాటాలు కొనడంతో అది సర్కారు కంపెనీగా మారింది. ఇప్పుడు తెలంగాణ ప్రభుత్వానికి 51 శాతం, కేంద్రానికి 49 శాతం వాటా ఉంది.

గోదావరి ఒడ్డున రామగుండం దగ్గర బావులు తెరుచుకున్నది ఇంకా చాలా ఆలస్యంగా, 1960 దశకం మొదట్లో. కాజీపేట–బల్లార్షా రైలు మార్గంలో అప్పటికి రామగుండం ఓ మామూలు స్టేషన్. జీడీకే (గోదావరిఖని) 1వ గనితో మొదలై వరుసగా ఇంక్లయిన్లు (ఏటవాలుగా దిగే గనులు) పడ్డాయి. 'గోదావరిఖని' అన్న పేరే గని తర్వాత పుట్టిన పేరు. ఇక్కడ ముందు ఊరు ఉండి తర్వాత పని రాలేదు, పని వచ్చాక దాని చుట్టూ ఊరు పేరుకుంది. 1971లో 62.5 మెగావాట్ల రామగుండం 'బి' థర్మల్ కేంద్రం వచ్చింది. 1978 నవంబరులో ఎన్టీపీసీకి శంకుస్థాపన జరిగింది. 1980లో ఎరువుల కర్మాగారం ఉత్పత్తి మొదలుపెట్టింది. 2011 జనాభా లెక్కల నాటికి రామగుండంలో సుమారు 2 లక్షల 30 వేల మంది ఉన్నారు. వీళ్లలో ముసలివాళ్లను 'మీది ఏ ఊరు?' అని అడిగితే గోదావరిఖని అని చెప్పేవాళ్లు తక్కువ. వాళ్ల పిల్లలు మాత్రం అదే చెబుతారు.

వచ్చినవాళ్లలో ఎక్కువమంది ఉమ్మడి కరీంనగర్, వరంగల్, ఆదిలాబాద్, ఖమ్మం, నల్లగొండ జిల్లాల వాళ్లు. కోస్తా జిల్లాల నుంచి, ఉత్తరప్రదేశ్, బీహార్ల నుంచి కూడా వచ్చారు. కొత్తగూడెం, బెల్లంపల్లి పాత గనుల నుంచి బదిలీ మీద వచ్చినవాళ్లూ ఉన్నారు. భూమి లేకపోవడం, కరువు, దొర దగ్గర వెట్టి, కులం పేరుతో పడే మాటలు, ఇలా పల్లె విడవడానికి కారణాలు చాలా ఉండేవి. రైతుకూలీ పోరాటాల నేపథ్యంలో 1978లో జగిత్యాల, సిరిసిల్ల ప్రాంతాలను కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించాక పల్లె మరింత ఇరుకైంది. మొగవాళ్లు ముందు వచ్చారు. తెలిసినవాళ్ల గుడిసెలో తలదాచుకుని, బదిలీ ఫిల్లరుగానో (ఖాళీ పడినప్పుడు బొగ్గు ఎత్తే తాత్కాలిక కార్మికుడు) కాంట్రాక్టరు కిందనో పనికి కుదిరి, కొన్ని నెలలకో కొన్నేళ్లకో భార్యను తెచ్చుకున్నారు.

బాయి దిగని ఆడది

పల్లెలో ఆమెకు పని ఉండేది. నాటు, కలుపు, కోత, బీడీలు, ఏదో ఒక కూలి చేతికి అందేది. బొగ్గు ఊరికి వచ్చాక ఆ కూలి పోయింది. బాయిలో, అంటే గనిలో, ఆడవాళ్లకు చోటు లేదు.

ఎప్పుడూ ఇలాగే ఉందనుకుంటే పొరపాటు. దేశంలో బొగ్గు గనుల తొలి దశాబ్దాల్లో భర్త తవ్వితే భార్య తట్ట మోసేది. బ్రిటిష్ ఇండియాలో 1929 నిబంధనలతో ఆడవాళ్లను భూగర్భం నుంచి తప్పించడం మొదలై 1937 నాటికి పూర్తయింది. యుద్ధకాలంలో బొగ్గు చాలక 1943లో నిషేధం సడలించి, 1946లో మళ్లీ పెట్టారు. ఇంగ్లండు ఈ పని 1842లోనే చేసింది. అంతర్జాతీయ కార్మిక సంస్థ 1935లో ఒడంబడికే తెచ్చింది. స్వతంత్ర భారతంలో 1952 గనుల చట్టం 46వ సెక్షన్ రెండు ముక్కల్లో విషయం తేల్చింది: ఆడవాళ్లు భూగర్భంలో పనిచేయకూడదు, పైన చేసినా ఉదయం 6 నుంచి సాయంత్రం 7 మధ్యే చేయాలి. ఉద్దేశం రక్షణే కావచ్చు. ఫలితం మాత్రం, గోదావరిఖనికి కాపురానికి వచ్చిన ఆడమనిషి బతుకంతా మొగుడి జీతం రోజు మీద ఆధారపడటం.

ఆ జీతం ఇంటికి చేరేదాకా నమ్మకం ఉండేది కాదు. దారిలో సారా దుకాణం ఉండేది, వడ్డీ వ్యాపారి ఉండేవాడు. కార్మికుడి బ్యాంకు పుస్తకం, తర్వాతి కాలంలో ఏటీఎం కార్డు, అప్పిచ్చినవాడి జేబులో ఉండటం బొగ్గు పట్టణాల్లో అందరికీ తెలిసిన సంగతే. నాగాలు పెరిగితే మస్టర్లు తగ్గుతాయి, మస్టర్లు తగ్గితే ఉద్యోగానికే ముప్పు. అందుకే తెల్లవారుజామున మొగుణ్ని లేపి షిఫ్టుకు తోలడం ఇక్కడి ఇల్లాలి మొదటి డ్యూటీ అయింది. పొయ్యిలో కంపెనీ ఇచ్చే బొగ్గే. క్వార్టర్ల వెనక సందుల్లో పొద్దున, సాయంత్రం కమ్ముకునే ఆ పొగ చాలా ఏళ్లు గోదావరిఖని గాలిలో భాగం. కప్పు మీద, ఆరేసిన బట్టల మీద, నీళ్ల బిందె మూత మీద నల్లటి దుమ్ము పొర. మొగుడు బాయి నుంచి వచ్చాక ఉతికిన బనీను రెండో నీళ్లలోనూ నలుపే దిగుతుంది.

అన్నిటికంటే పెద్ద భయం సైరన్. వేళ కాని వేళ మోగితే ఆడవాళ్లు గని వైపు పరుగెత్తేవారు. 2003 జూన్ 16న జీడీకే 7 ఎల్ఈపీ గనిలోకి నీళ్లు చొచ్చుకొచ్చి 17 మంది కార్మికులు చనిపోయారు. రామగుండం ప్రాంతపు అతిపెద్ద గని ప్రమాదాల్లో అదొకటి. పైకప్పు కూలి ఒకరు, టబ్బు తగిలి ఒకరు పోయే చిన్న ప్రమాదాల లెక్క వేరే. కంపెనీలో ఉద్యోగం చేసిన తొలి ఆడవాళ్లలో చాలామంది ఈ దారిన వచ్చినవాళ్లే. మొగుడు పోతే అతని బదులు ఆయాగా, స్వీపరుగా, మజ్దూరుగా ఉపరితలంలో పని దొరికింది. క్యాంటీన్లలో, లాంపు రూముల్లో, ఆసుపత్రి వరండాల్లో పనిచేసిన ఆ తరం ఆడవాళ్ల ఉద్యోగాల వెనక ఎక్కువగా ఒక చావు ఉంది.

ఇలాంటి తల్లి బిడ్డ గురించి ఏం కోరుకుంటుంది? రెండు కోరికలు, ఒకదానికొకటి పడనివి. ఒకటి, నా బిడ్డ బాయి పనోడి పెళ్లాం కావద్దు. రెండోది, సింగరేణి నౌకరి ఉన్న పిలగాడైతే చాలు. ఒకే తల్లి ఒకే రోజు ఈ రెండు మాటలూ అనగలదు. పల్లెలో రెండెకరాలు ఉన్న రైతు కంటే నెలనెలా జీతం, క్వార్టర్, ఆసుపత్రి, పీఎఫ్ ఉన్న ఫిల్లరు మంచి సంబంధమన్నది ఆమె స్వయంగా లెక్క వేసి తేల్చుకున్న విషయం. ఆ లెక్క తప్పని అనడానికి పెద్దగా ఆధారం లేదు.

అల్లుడికి రాసిచ్చిన నౌకరి

సింగరేణి ఆడపిల్లల చరిత్రలో అసలు ముడి ఇక్కడుంది.

1975 నుంచి అమల్లోకి వచ్చిన జాతీయ బొగ్గు వేతన ఒప్పందాలు కార్మికుడు పనిలో ఉండగా చనిపోయినా, వైద్యపరంగా పనికి అనర్హుడని ('అన్‌ఫిట్') తేలినా అతని మీద ఆధారపడినవాళ్లలో ఒకరికి ఉద్యోగం ఇవ్వాలన్న సూత్రాన్ని స్థిరపరిచాయి. ఆధారపడినవాళ్లు ఎవరన్న నిర్వచనంలో భార్య లేదా భర్త, కొడుకు, దత్తపుత్రుడు, పెళ్లికాని కూతురు ఉన్నారు. వీళ్లెవరూ లేకపోతే తమ్ముడు, విధవ కూతురు, విధవ కోడలు, లేదా ఇంట్లోనే ఉంటూ కార్మికుడి సంపాదన మీద బతికే అల్లుడు. 'పెళ్లికాని' అన్న ఒక్క విశేషణం కూతురు దగ్గర ఉంది, కొడుకు దగ్గర లేదు. అంటే మెడలో తాళి పడిన రోజుతో తండ్రి నౌకరి మీద కూతురి హక్కు పోతుంది. అదే తాళి కట్టినవాడికి మాత్రం తలుపు కొంచెం తెరిచే ఉంటుంది.

ఈ సందులోంచి ఒక ఆచారం పుట్టింది. కొడుకులు లేని ఇళ్లలో, కొన్నిచోట్ల ఉన్న ఇళ్లలోనూ, నౌకరినే కట్నంగా మాట్లాడుకోవడం. పిల్ల తండ్రి అన్‌ఫిట్ అయి దిగిపోతాడు, అతని జాగాలో అల్లుడు ఎక్కుతాడు. బంగారం, బండి, నగదు అన్నీ పక్కకు పోయి 'డిపెండెంట్' అన్న ఒక్క మాట మీద సంబంధాలు ఖాయమయ్యాయి. వరకట్నం ఎన్ని రూపాలు వేసుకోగలదో చెప్పడానికి దీన్ని మించిన ఉదాహరణ దొరకదు. ప్రభుత్వ రంగ సంస్థలో ఒక కొలువు తరం దాటి పెళ్లి పందిట్లో చేతులు మారింది.

అయితే తల్లుల వైపు నుంచి చూస్తే ఇందులో దురాశ కంటే ఇంకోటి ఎక్కువ కనిపిస్తుంది. నౌకరి అల్లుడికి వస్తే బిడ్డ ఎక్కడికీ పోదు. అదే కాలనీలో, నాలుగు సందుల అవతల క్వార్టర్లో ఉంటుంది. పల్లెను, పుట్టింటిని వదిలేసి వచ్చిన ఆడదానికి తన బిడ్డకు ఆ దూరం రాకుండా చూడటం చిన్న కోరిక కాదు. పురుడు తన చేతుల మీద పోయవచ్చు. అల్లుడు తాగి చెయ్యి చేసుకుంటే బిడ్డ రాత్రికి రాత్రి తల్లి గడప తొక్కవచ్చు.

బెడిసికొట్టినవీ ఉన్నాయి. ఆర్డరు చేతికొచ్చాక అత్తమామలను చూడటం మానేసినవాళ్లు, భార్యను వదిలి మరో పెళ్లి చేసుకున్నవాళ్లు, జీతంలో పైసా ఇవ్వనివాళ్లు. అప్పుడు ఆ తల్లికి అల్లుడి మీద హక్కు లేదు, నౌకరి మీద అంతకన్నా లేదు. యూనియన్ ఆఫీసుల ముందు, గని మేనేజర్ల గదుల్లో, పోలీసు ఠాణాల్లో ఈ పంచాయితీలు నడిచాయి. తన మొగుడు ఊపిరితిత్తుల్లో దుమ్ము నింపుకుని సంపాదించిన కొలువు ఎవడో తింటున్నాడన్న బాధకు ఏ ఒప్పందంలోనూ క్లాజు లేదు.

మారుపేర్ల సమస్య దీనికి తోడైంది. తొలినాళ్లలో బంధువు పేరు మీదో, వేరే ఊరివాడి కాగితం మీదో పనిలో చేరి జీవితమంతా ఆ పేరుతోనే మస్టర్ వేసుకున్న కార్మికులు సింగరేణిలో చాలామంది. ఇంట్లో ఒక పేరు, గనిలో ఒక పేరు. కార్మికుడు దిగిపోయే వేళకు బిడ్డ పదో తరగతి మెమోలో తండ్రి పేరు ఒకటి, కంపెనీ సర్వీసు రికార్డులో ఇంకొకటి. విజిలెన్స్ విచారణల్లో అలా ఏళ్ల తరబడి నిలిచిపోయిన దరఖాస్తులు యూనియన్ల డిమాండ్ల పట్టికలో శాశ్వత అంశం అయ్యాయి. బతకడానికి తండ్రి వేసుకున్న పేరు బిడ్డ బతుకుకు అడ్డం పడింది.

చదువు అనే రెండో దారి

1990 దశకంలో నేల కదిలింది. ఒకప్పుడు లక్షా పదహారు వేలకు చేరిన సింగరేణి కార్మికుల సంఖ్య స్వచ్ఛంద విరమణలు, యంత్రాలు, నేల పైనుంచే తవ్వే ఓపెన్‌కాస్టులతో తగ్గుతూ ఇవాళ 40 వేల చిల్లరకు వచ్చింది. దశకం చివర్లో వారసత్వ ఉద్యోగాలకు బ్రేకు పడింది. 1999లో పక్కనే ఎరువుల కర్మాగారం మూతపడి, పర్మినెంటు ఉద్యోగం శాశ్వతమన్న భ్రమ కూడా పోయింది. కొడుకుకూ అల్లుడికీ ఇవ్వడానికి నౌకరే లేనప్పుడు బిడ్డను చదివించడం ఒక్కటే మిగిలింది.

చదువుకు పునాది మాత్రం ముందే పడింది. కంపెనీ బడులు కాలనీల్లో ఉన్నాయి, కొత్తగూడెంలో సింగరేణి మహిళా కళాశాల ఉంది, నస్పూర్‌లో పాలిటెక్నిక్ ఉంది. బడి ఫర్లాంగు దూరంలో ఉండటం ఆడపిల్లకు ఎంత లాభమో పల్లె నుంచి వచ్చిన తల్లికి చెప్పక్కర్లేదు. పల్లెలో ఐదో తరగతితో ఆగిపోయే పిల్ల ఇక్కడ పది దాటింది. సింగరేణి సేవా సమితి కార్మికుల భార్యలకు, బిడ్డలకు కుట్టు, మగ్గం పని, బ్యూటీషియన్ వంటి పనులు నేర్పింది. తల్లులు మిషను దగ్గర కూర్చుని పిల్ల ట్యూషన్ ఫీజు సంపాదించిన ఇళ్లు చాలా ఉన్నాయి.

2010లో మంథని పేరు మీద జేఎన్‌టీయూ ఇంజనీరింగ్ కళాశాల వచ్చింది. అది ఉన్నది మంథనిలో కాదు, బావుల మధ్య సెంటినరీ కాలనీ దగ్గర. అక్కడి కోర్సుల్లో మైనింగ్ ఇంజనీరింగ్ కూడా ఒకటి. 2022లో రామగుండంలో వైద్య కళాశాల మొదలైంది. దానికి డబ్బు పెట్టింది సింగరేణి. తర్వాత పేరు సింగరేణి ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మెడికల్ సైన్సెస్ అయింది, 150 సీట్లలో 5 శాతం, అంటే 7 సీట్లు, కంపెనీ ఉద్యోగుల పిల్లలకు కేటాయించారు. ఏడు సీట్లు నలభై వేల కుటుంబాలకు ఏ మూలకు? కానీ నీట్ కోచింగ్ ఫీజు కట్టే తల్లి మనసులో ఆ ఏడింటిలో ఒకటి ఎప్పుడూ తన బిడ్డదే.

పైచదువులు చదివినవాళ్లు హైదరాబాద్, బెంగళూరు, అక్కడి నుంచి డల్లాస్, న్యూజెర్సీ దాకా వెళ్లారు. వలస వచ్చిన తల్లికి బిడ్డే మరో వలసదారు. ప్రపంచంలో ఈ బంధం మీద వచ్చిన రచనల్లో బాగా పేరున్నది అమెరికన్ రచయిత్రి ఎమీ టాన్ 1989 నవల 'ది జాయ్ లక్ క్లబ్'. చైనా నుంచి శాన్‌ఫ్రాన్సిస్కో చేరిన తల్లులు, అమెరికాలో పుట్టిన కూతుళ్లు, నాలుగు కుటుంబాలు. తాము పడ్డ బాధలు బిడ్డలు పడకూడదు, అయినా తమను మరిచిపోకూడదు అన్నది ఆ తల్లుల తపన. 1993లో సినిమాగానూ వచ్చింది. గోదావరిఖని తల్లికి, ఆ తల్లులకు తేడా భాష దగ్గర ఉంది. అక్కడ తల్లీకూతుళ్లు రెండు భాషల మధ్య నలిగారు. ఇక్కడ అవ్వ, బిడ్డ మాట్లాడేది ఒకే తెలంగాణ మాట. దూరం వేరేచోట పెరిగింది: బాయి పని అంటే ఏమిటో తల్లి దగ్గరగా చూసింది, బిడ్డ దాన్ని ఫీజు కట్టిన డబ్బుగా మాత్రమే చూసింది.

డిపెండెంట్ బిడ్డ

తెలంగాణ ఏర్పడ్డాక వారసత్వ ఉద్యోగాలు బొగ్గు పట్టణాల ప్రధాన రాజకీయ వాగ్దానం అయ్యాయి. 2016 చివర్లో ప్రభుత్వం పునరుద్ధరిస్తామంది, 2017లో హైకోర్టు ఆ పథకాన్ని కొట్టేసింది, సుప్రీంకోర్టులోనూ ఊరట దొరకలేదు. ఆ తర్వాత అదే ఇల్లు కారుణ్య నియామకాల పేరుతో, మెడికల్ అన్‌ఫిట్ అన్న తలుపు నుంచి తెరుచుకుంది.

తంతు ఇలా నడుస్తుంది. కనీసం రెండేళ్ల సర్వీసు మిగిలి ఉండగా కార్మికుడు దరఖాస్తు పెట్టుకుని కొత్తగూడెం మెయిన్ ఆసుపత్రిలో కూర్చునే మెడికల్ బోర్డు ముందుకు వెళ్తాడు. ఆ ముందు రాత్రి ఇంట్లో ఎవరికీ నిద్ర ఉండదు. తండ్రి ఆరోగ్యంగా లేడని తేలితే ఇంట్లో సంబరం, 'ఫిట్' అని వస్తే విషాదం. ఇంత తలకిందుల ఇంటి సన్నివేశం బొగ్గు ఊళ్లలో తప్ప దొరకదు. అన్‌ఫిట్ అయితే బిడ్డ కాగితాలు కదులుతాయి. ఉద్యోగం వద్దనుకునే కుటుంబానికి 25 లక్షల రూపాయలు ఒకేసారి గానీ, నెలకు 26 వేల పైచిలుకు గానీ తీసుకునే వీలు 2018లో కల్పించారు. కానీ 25 లక్షల కంటే నౌకరికే మొగ్గు. డబ్బు ఖర్చయిపోతుంది, నౌకరి ముప్పై ఏళ్లు ఉంటుందన్నది తల్లి లెక్క.

ఈ విడతలో ఒక మార్పు వచ్చింది. అల్లుడికి బదులు బిడ్డే నేరుగా దరఖాస్తు పెట్టడం పెరిగింది. కొడుకులు లేని ఇళ్లు మొదట ఈ దారి పట్టాయి. చదువుకున్న ఆడపిల్ల, తండ్రి మస్టర్ పడిన గని ఆఫీసులోనే జనరల్ మజ్దూరుగా చేరింది. సంబంధాల మార్కెట్టులో ఇప్పుడు నౌకరి ఉన్నది ఆమెకు. పిల్లవాడి వైపువాళ్లే ఆమె షిఫ్టు వేళలు అడుగుతున్నారు.

దీన్ని పూర్తి విజయమనడం కష్టం. బీటెక్, ఎంబీఏ, ఎమ్మెస్సీ చదివిన ఆడపిల్లలు ఫైళ్లు మోయడానికి, ఊడ్చడానికి, నర్సరీ మొక్కలకు నీళ్లు పోయడానికి కుదిరిన ఉదాహరణలు ప్రతి ఏరియాలోనూ ఉన్నాయి. తల్లి పదిహేనేళ్లు కుట్టు మిషను తొక్కి చదివించిన డిగ్రీకి, తాతల నాటి, అట్టడుగు వేతన శ్రేణి అయిన కేటగిరీ–1 పనికి మధ్య ఏ సంబంధమూ లేదు. అయినా ఆ పిల్లను మానేయమని ఎవరూ అనరు. బయట పరిస్థితి ఎలా ఉందో 2022 సెప్టెంబరు పరీక్ష చెప్పింది: సింగరేణిలో 177 జూనియర్ అసిస్టెంట్ పోస్టులకు సుమారు 98 వేల మంది దరఖాస్తు చేశారు.

పెళ్లయిన బిడ్డ సంగతి కోర్టుల దాకా వెళ్లింది. పెళ్లయిన కూతుళ్లను మినహాయించే నియమం చెల్లదని 2016లో ఛత్తీస్‌గఢ్ హైకోర్టు కోల్ ఇండియా అనుబంధ సంస్థ కేసులో తీర్పు చెప్పింది. పెళ్లయిన కొడుకు తండ్రి మీద ఆధారపడవచ్చు గానీ పెళ్లయిన కూతురు ఆధారపడకూడదన్న తర్కానికి ఎవరి దగ్గరా సరైన జవాబు లేదు. బొగ్గు ఊళ్లలో మాత్రం ఆ నియమం దశాబ్దాలపాటు పెళ్లి ముహూర్తాలను నడిపించింది. నౌకరి ఆర్డరు వచ్చేదాకా పిల్ల పెళ్లి ఆపడం మామూలు విషయం. అలా ముప్పై దాటినవాళ్లున్నారు.

గని లోపలికి

2019 జనవరిలో కేంద్ర కార్మిక శాఖ ఇచ్చిన నోటిఫికేషన్ 1952 నాటి నిషేధాన్ని సడలించింది. సాంకేతిక, పర్యవేక్షక, మేనేజర్ స్థాయి పనుల్లో ఆడవాళ్లు పగటిపూట భూగర్భంలోకి దిగవచ్చని చెప్పింది. ఓపెన్‌కాస్టుతో సహా ఉపరితల గనుల్లో రాత్రిపూట కూడా, వాళ్ల రాతపూర్వక సమ్మతితో, షిఫ్టుకు ముగ్గురికి తగ్గకుండా పనిచేయవచ్చంది.

అంతకుముందే తలుపు తట్టినవాళ్లు ఉన్నారు. గోదావరిఖని నుంచి రైలెక్కితే కొన్ని గంటల్లో వచ్చే చంద్రపూర్ బొగ్గు ప్రాంతపు అమ్మాయి చంద్రాణి ప్రసాద్ వర్మ, మైనింగ్ సీటు కోసం హైకోర్టుకు వెళ్లి గెలిచి, 1999లో మైనింగ్ ఇంజనీరింగ్ డిగ్రీ అందుకున్న తొలి భారతీయ మహిళ అయింది. నోటిఫికేషన్ తర్వాత, 2021లో జార్ఖండ్ గని ప్రాంతంలో పెరిగిన ఆకాంక్ష కుమారి కోల్ ఇండియా భూగర్భ గనిలో చేరిన తొలి మహిళా మైనింగ్ ఇంజనీరుగా సెంట్రల్ కోల్‌ఫీల్డ్స్ చూరి గనిలో అడుగుపెట్టింది. సింగరేణి పట్టణం భూపాలపల్లి నుంచి వెళ్లిన రసకట్ల సంధ్య, భూగర్భ గని మేనేజరుకు కావలసిన సర్టిఫికెట్ సాధించిన తొలి భారతీయ మహిళల్లో ఒకరు. ఆమె పనిచేయడానికి రాజస్థాన్‌లోని హిందుస్తాన్ జింక్ గనులకు వెళ్లాల్సి వచ్చింది. సింగరేణి గడ్డ మీద పెరిగిన బిడ్డ బొగ్గు కాకుండా జింకు గనిలో మేనేజరు కావడం సింగరేణి ఆలోచించుకోవలసిన విషయమే. ఇటీవల కంపెనీ తన మహిళా ఉద్యోగులకు ఓపెన్‌కాస్టుల్లో భారీ యంత్రాలు నడపడంలో శిక్షణ ఇస్తోంది. జనరల్ మజ్దూరుగా చీపురు పట్టిన పిల్లకు వంద టన్నుల డంపరు స్టీరింగు మెరుగైన మలుపే.

తల్లులు దీన్ని ఎలా చూస్తున్నారు? గని పేరు ఎత్తితే వణికిన తరం ఇది. బిడ్డ బాయి దిగుతానంటే సంతోషించే తల్లి అరుదు, ఆపే తల్లి కూడా ఇప్పుడు అరుదే.

కొత్తగా వచ్చిన తల్లులు

వలస ఆగలేదు, దాని షరతులు మారాయి. ఇవాళ రామగుండం ఓపెన్‌కాస్టుల్లో మట్టి తీసే పనులు ప్రైవేటు కాంట్రాక్టు కంపెనీలవి. డ్రైవర్లు, హెల్పర్లు, సెక్యూరిటీ గార్డులు, ఊడ్చేవాళ్లు, లోడింగు చేసేవాళ్లు చుట్టుపక్కల పల్లెల నుంచి, బీహార్, జార్ఖండ్, ఛత్తీస్‌గఢ్, ఒడిశాల నుంచి వస్తున్నారు. ఓపెన్‌కాస్టు కింద ఊళ్లకు ఊళ్లే పోగొట్టుకున్న నిర్వాసిత రైతుల పిల్లలూ వీళ్లలో ఉన్నారు. కాంట్రాక్టు కార్మికుల్లో ఆడవాళ్ల సంఖ్య తక్కువేం కాదు.

అరవై ఏళ్ల కింద మొగుడి వెంట గోదావరిఖనిలో దిగిన ఆడదానికి అయిదారేళ్లలో ఒక క్వార్టర్, ఒక మెడికల్ బుక్కు, బిడ్డకు కంపెనీ బడి దొరుకుతాయన్న నమ్మకం ఉండేది. ఇప్పుడు దిగుతున్న ఆడదానికి అద్దె గది దొరుకుతుంది. ఆమె మొగుడు అన్‌ఫిట్ అయితే అతని స్థానంలో ఇంట్లోవాళ్లెవరినీ తీసుకోరు, ఇంకో కాంట్రాక్టు కార్మికుణ్ని తీసుకుంటారు. 2022 సెప్టెంబరులో వేతనాల పెంపు కోసం సింగరేణి కాంట్రాక్టు కార్మికులు రెండు వారాలకు పైగా సమ్మె చేశారు. ఒకే గనిలో, ఒకే దుమ్ములో, ఒకే షిఫ్టులో పనిచేసేవాళ్ల మధ్య ఉన్న తేడా అంతకు ముందెప్పుడూ అంత బహిరంగంగా వీధికెక్కలేదు.

2024 దసరాకు ముందు రాష్ట్ర ప్రభుత్వం, విస్తరణకు పక్కన పెట్టగా మిగిలిన సింగరేణి లాభాల్లో 33 శాతం, 796 కోట్ల రూపాయలు, కార్మికులకు పంచింది. పర్మినెంటు ఉద్యోగికి సగటున లక్షా 90 వేలు వచ్చాయి. కాంట్రాక్టు కార్మికులకు కూడా కంపెనీ చరిత్రలో మొదటిసారి ఏదో ఒకటి ఇచ్చారు. సుమారు 25 వేల మందికి, తలా 5,000 రూపాయలు.